బెల్లం సున్నం అతుకు

మా అత్తగారి అత్తగారికి ఒక అలవాటు ఉండేది. కుండయినా, జాడీ అయినా వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినేవారు.

నేను నర్సీపట్నం కాపురానికి వచ్చిన కొత్తలో మన్యంలో గొడవల వల్ల సంతకు బళ్లు రావడం మానేశాయి. అప్పుడే ఆవకాయ జాడీ ఒక పక్క బీట వారింది. ఏడాది పచ్చడిలో మిగిలిన సగమూ అందులోనే ఉంది. నూనె నేలమీదికి కారిపోతోంది. కొత్త జాడీ దొరికే దారి లేదు.

“ఇంకేటుంది, పారబొయ్యడమే,” అంది మా తోటికోడలు.

“పారెయ్యడానికి సేతులెందుకే, గాలి సాలదా? బేగి బెల్లం, సున్నం పట్రా!” అన్నారావిడ.

బీట పైకి వచ్చేలా జాడీని ఒరగబెట్టారు. జిడ్డు పోయేదాకా వేడి బూడిదతో రుద్దారు. బెల్లం, సున్నం నూరి, దూది కలిపి బీటలో కూరి, పాతచీర పీలిక బిగించారు.

“ఎవరు నేర్పారండీ?” అన్నాను.

“మా మామ్మ. ఆరనీ, కదపకు.”

మర్నాడు జాడీ నిలబెట్టి, కొట్టి విన్నారు. “ఉంటాది,” అన్నారు. చుక్క నూనె కారలేదు.

ఆవిడ పోయిన చాలా ఏళ్లకు ఆ జాడీ నా చేతిలోంచి జారింది. అన్నిచోట్లా పగిలింది గాని, అతుకు మాత్రం విడలేదు. ఆ ఒక్క పెంకును పారెయ్యడానికి నాకు చేతులు రాలేదు.