శీకాయ నీళ్ళు జారిన పట్టు

చియాంగ్‌మాయ్ విశ్వవిద్యాలయంలోని ప్లాస్మా యంత్రానికి ఇంతోన్ సేవకుడు. కాగితాల మీద ఆపరేటరే గానీ, ఇన్నేళ్ళ సహవాసంలో ఎవరు ఎవరిని నడుపుతున్నారో తేలిపోయింది. ఉక్కు డబ్బాలో పట్టు పరిచి, గాలంతా తోడేసి, కాస్త వాయువు వదిలి కరెంటు పెడితే లోపల ఊదారంగు వెలుగు లేస్తుంది. బయటికొచ్చిన బట్ట చూపుకీ చేతికీ పాత బట్టే. నీళ్ళు మాత్రం తామరాకు మీదలా జారిపోతాయి. ఈ మహత్తు అతను చూసీ చూసీ విసిగిపోయాడు.

లంపూన్ నేతగత్తెలు ఈ పట్టుకు ఒప్పుకుంటేనే యంత్రం ఉంటుందనీ, లేకపోతే పాత ఇనుముకు పోతుందనీ పైవాళ్ళు తేల్చారు. యంత్రం వెనకే ఇంతోన్ ఉద్యోగమూనూ. నేతగత్తెలు ఒప్పుకోవడమంటే వాళ్ళ పెద్ద బువాఖం ఒప్పుకోవడం. ఇంతోన్‌దీ ఆ ఊరే. అందుకని ఆమె పట్టు ఉత్తరీయాన్నే అడిగి తెచ్చి, యంత్రంలో పెట్టి తీసి, కొత్త ఏడాది సోంక్రాన్ పండక్కి వేసుకోమని భక్తిగా అప్పజెప్పాడు. ఇంత ఆలోచించినవాడికి, ఆ పండగలో ఏం చేస్తారో మాత్రం తట్టలేదు.

పండగనాడు ఊరివాళ్ళు బువాఖం ముందు మోకరిల్లి, చేతుల మీదా భుజం మీదా శీకాయ నీళ్ళు పోసి దీవెన అడిగారు. భుజాన పడ్డ నీళ్ళు ముత్యాల్లా దొర్లి చాప మీదికి పోయాయి. రెండో గిన్నెడూ అంతే. దీవెన సగంలో ఆగింది.

“ఒరే ఇంతోన్, ఇది నీ పనేనా?”

“అవును పెద్దమ్మా.”

“ఏడాది చెడంతా కడిగే నీళ్ళురా! నన్ను ముట్టుకోనంటున్నాయి.”

“మీకు కడగాల్సిందేం లేదేమో అత్తయ్యా,” అంది కోడలు.

“నువ్వూరుకో. ఏరా, ఉతికితే పోతుందా?”

“ఉతకాలంటే ముందు తడవాలి కదా పెద్దమ్మా.”

ఎవరూ నవ్వలేదు. బువాఖం ఉత్తరీయాన్ని తీసి అతని ఒళ్ళో పడేసి, నూలు కండువా కప్పుకుని, అందరిచేతా మొదటినుంచీ పోయించుకుంది. ఇంతోన్ మోకాళ్ళ మీదే కూర్చుని, మనసులో యంత్రాన్ని ఇనుప సామానువాడికి తూకం వేసి ఇచ్చేశాడు.

చివర అతని వంతొచ్చింది. నీళ్ళు పోశాడు. నూలు చక్కగా తడిసింది.

“మేం కట్టుకోం,” అంది బువాఖం. “అమ్ముతాం. బాంకాక్ వాళ్ళు వానలో పట్టుబట్టల్తో తిరుగుతారు. కావలసింది వాళ్ళకి. పండగ వెళ్ళగానే మగ్గాలన్నిటి బట్టా నీకు పంపిస్తాం. చెయ్యగలవా?”

అన్ని మగ్గాలూ కళ్ళముందు కదిలాయి. “చేస్తాను పెద్దమ్మా,” అని చేతులు జోడించి లేవబోయాడు. మోకాళ్ళు ససేమిరా అన్నాయి.

“కూర్చో కూర్చో,” అంది ఆమె. “జిగురన్నం అక్కడికే పంపిస్తాలే.”