గేటు దాటిన రోగులు

2014 జూన్‌లో నన్ను సామాజిక వైద్య విభాగానికి ప్రొఫెసర్‌గా ఉత్తరాంధ్రలోని ఒక బోధనాసుపత్రికి బదిలీ చేశారు. ఆసుపత్రి పేరు చెప్పను. శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల రోగులూ వచ్చే ఆసుపత్రి అంటే చాలు. మా విభాగం వాళ్ళని మిగతా డాక్టర్లు డాక్టర్ల కింద లెక్కవెయ్యరు. మేము కత్తి పట్టం, మందు రాయం, దోమల గురించీ మరుగుదొడ్ల గురించీ పాఠాలు చెబుతాం. కానీ ఏ వార్డులో చేరినవాళ్ళు చివరికి ఏమయ్యారో తేల్చవలసి వచ్చినప్పుడు మాత్రం అందరూ మా గుమ్మం ఎక్కాల్సిందే. వెళ్ళీ వెళ్ళగానే నాకు అప్పజెప్పింది అలాంటి పనే.

అత్యవసరంగా చేరిన రోగుల ఫలితాలను జనరల్ మెడిసిన్, సర్జరీ, ఎముకల విభాగాల మధ్య పోల్చాలి. మా భాషలో ఫలితం అంటే రోగి బతికాడా, బతికితే తన పని తాను చేసుకోగలుగుతున్నాడా అన్నది. పై అధికారులకు కావలసింది ఒక పట్టిక. ఏ విభాగంలో చావులు ఎక్కువో, ఏ విభాగంలో తక్కువో అందులో తెలిస్తే దాన్ని బట్టి యంత్రాలు, పోస్టులు పంచుతారు. కాబట్టి మూడు విభాగాల అధిపతులకూ ఆ పట్టిక మీదే కన్ను.

మొదటి లెక్కలో మెడిసిన్ వారికి మార్కులు బాగా పడ్డాయి. వార్డులో చావులు వారివే తక్కువ. ఆ విభాగాధిపతి పెద్ద చదువరి, రోగుల పట్ల దయగల మనిషే. ఆ నెల మరణాల సమీక్షా సమావేశంలో మాత్రం మీసం లేకపోయినా మెలేశారు. సర్జరీ ఆయన తల కొట్టేసినట్టు కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే మాది శృంగవరపుకోట. ఆ లెక్కలో ఏం లేదో నాకు తెలుసు.

మా వైపు చాలా కుటుంబాల్లో ఒక పట్టింపు ఉంది. ఇంటి బయట పోయిన మనిషి శవాన్ని మళ్ళీ గడప లోపలికి తేరు. కొన్ని ఊళ్ళలో పొలిమేర కూడా దాటనివ్వరు. శవాన్ని ఊరి బయట దించి, అటునించి అటే తీసుకుపోతారు. అందుకని ఆశ లేదనుకున్న రోగిని ఊపిరి ఉండగానే ఇంటికి తెచ్చేస్తారు. మా పెదనాన్నని విశాఖపట్నం నుంచి అలా తెచ్చిన కారులో నేనూ ఉన్నాను. ఇలా వెళ్ళిపోయేవాళ్ళని ఆసుపత్రిలో ‘లామా’ అంటారు. వైద్యుల సలహాకు వ్యతిరేకంగా వెళ్ళిపోయినవాళ్ళని దాని అర్థం. బంధువు ఒక సంతకమో వేలిముద్రో పెడితే గేటు తెరుస్తారు. ఆ తరువాత రోగి దారిలో పోయినా, ఇంట్లో పోయినా ఆ చావు వార్డు లెక్కలోకి రాదు. పొట్ట కోసి ఉన్న సర్జరీ రోగిని లేవదీసుకుపోవడానికి ఎవరికీ చేతులు రావు. మెడిసిన్ వార్డులో పడుకుని ఉన్నవాణ్ణి ఎత్తుకుపోవచ్చు. రెండు వార్డుల మధ్య తేడాలో చాలా భాగం అదే.

ఈ మాట సమావేశంలో చెప్పాను. లామా కేసుల్ని ఇళ్ళకు వెళ్ళి చూస్తే గాని పట్టిక ఇవ్వనన్నాను. మెడిసిన్ ఆయన ఓపికగానే విని, గేటు దాటాక రోగి మా బాధ్యత కాదు మేడమ్, అన్నారు. ఆయనది వేరే జిల్లా, ఈ పట్టింపు చూసి ఎరగరు. బాధ్యత సంగతి తరువాత, ముందు మనిషి ఏమయ్యాడో చూద్దామన్నాను. నాకు ముక్కు మీద కోపమని అప్పటికే పేరు పడిపోయింది కనుక సూపరింటెండెంట్ వాదన పెంచకుండా జీపు ఇచ్చారు.

ఇళ్ళకు వెళ్ళే పని మామూలుగా మా విభాగం సోషల్ వర్కర్లది. ఒక రెండు ఇళ్ళకు మాత్రం నేనే వెళ్ళాలని పట్టుబట్టాను. ఇద్దరు రోగులదీ ఒకటే జబ్బు. పక్కపక్క మంచాలు. ఒకరు నడిచి ఇంటికి వెళ్ళారు, రెండో ఆయన లామా. ఫలితాలు పోల్చేవాళ్ళకు ఇంతకన్నా సరైన జత దొరకదు.

ఇద్దరినీ కరిచింది కట్లపాము. నేల మీద పడుకున్నవాళ్ళని నిద్రలో కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, ఒక్కోసారి గాటు కూడా కనపడదు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, తరువాత చేతులూ కాళ్ళూ పడిపోతాయి, చివరికి ఊపిరి తీసే కండరాలు కూడా. అప్పుడు గొంతులో గొట్టం వేసి, యంత్రంతోగాని, యంత్రం ఖాళీ లేకపోతే చేత్తో నొక్కే రబ్బరు సంచితోగాని ఊపిరి ఆడించాలి. చూసేవాళ్ళకు మనిషి పోయినట్టే ఉంటాడు. పిలిస్తే పలకడు, గిల్లితే కదలడు, కంటిపాపలో వెలుగు వేసినా చలనం ఉండకపోవచ్చు. కానీ విషం పట్టింది నరాలు కండరాలకు అందించే కబురును మాత్రమే. మెదడు జోలికి అది పోదు. ఊపిరి ఆడిస్తూ ఓపిక పడితే చాలామంది లేచి కూర్చుంటారు.

ముందు గరివిడి వెళ్ళాను. బతికినాయన పేరు గున్నయ్య, లోడింగు కూలీ. పెళ్ళి కాలేదు, అమ్మానాన్నా లేరు. తోటి కూలీలు ఆటోలో తెచ్చి వార్డులో పడేసి పనిలోకి వెళ్ళిపోయారు. నేను వెళ్ళేసరికి బస్తాల నీడలో కూర్చుని అన్నం తింటున్నాడు. నా ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పాడు. పని చేసుకుంటున్నాడు, బరువు ఎత్తితే కొంచెం ఆయాసం వస్తోంది, అంతే. నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

“అమ్మా, నాకు అన్నీ ఇనబడ్డాయి. కన్ను తెరవనేను, ఏలు కదపనేను గానీ అన్నీ ఇనబడ్డాయి. పక్కమంచం ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళిపోదారని ఆల్ల జనం మాటాడుకున్నారు. ఆయన పెళ్ళాం ఏడిసింది. వొద్దయ్యా, ఉంచండయ్యా అని నాను లోపల్నించి అరుస్తన్నాను. నోరు వొస్తేనా? నాకు ఎవులూ నేరని ఎప్పుడూ ఏడిసీవోణ్ణి. ఆ రోజు మాత్తరం నాకోసం ఎవులూ రాకూడదని దండం పెట్టుకున్నాను.”

నేను రాసుకోవడం ఆపేశాను. కట్లపాము కాటుకు తెలివి పోదని పుస్తకాల్లో చదివాను, విద్యార్థులకు చెప్పాను. చెప్పడం వేరు, ఆ మంచం మీద పడుకుని వచ్చినవాడి నోట వినడం వేరు. తిరుగు దారిలో డ్రైవరు ఏదో అడిగితే కసిరాను పాపం.

మర్నాడు శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళ్ళాను. రెండో ఆయన పేరు నూకయ్య, తెప్ప మీద వేటకు వెళ్ళేవాడు. ఆయన భార్య పోలమ్మ ఇసకలో గోనె పరిచి చేపలు ఎండబెడుతోంది. నూకయ్య అన్న ఎర్రయ్య కాస్త అవతల కూర్చుని వల బాగుచేస్తున్నాడు. నేనెవరో, ఎందుకు వచ్చానో చెప్పి, మాట్లాడడం ఇష్టం లేకపోతే వెళ్ళిపోతానని కూడా చెప్పాను. అలా ముందు అనుమతి అడగడం నియమం. మాట్లాడతానంది. మొగుడు ఇంటికి తెచ్చిన పూటే పోయాడని చెప్పింది.

తరువాత నన్ను అడిగింది. మరణ ధ్రువీకరణకు కావలసిన కాగితాల కోసం ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, పక్క మంచం మనిషి నడిచి వెళ్ళాడని అక్కడి ఆయా చెప్పిందట.

“ఆడికీ పామే, ఈడికీ పామే. మావోణ్ణి ఉంచీసుంటే బతికీవోడా డాక్టరమ్మా? నిజం సెప్పు.”

ఇలాంటి పరిశోధనల్లో ప్రశ్నలు అడిగేవాళ్ళు వైద్యపరమైన అభిప్రాయం చెప్పకూడదు. ఆ నియమం రాసింది నేనే. ఎవరైనా అడిగితే డ్యూటీ డాక్టర్ని కలవమని చెప్పాలి. ఆమె చేతులు చేపల మీద ఆగిపోయి ఉన్నాయి. ఎర్రయ్య కూడా వల వదిలేసి నా వైపే చూస్తున్నాడు. నియమాన్ని పక్కన పెట్టాను. బతికే అవకాశమే ఎక్కువ ఉండేదని చెప్పాను. అడిగిన మనిషికి డొంకతిరుగుడు జవాబులు చెప్పడం నాకు చేతకాదు.

ఎర్రయ్య లేచి వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు.

“ఆ మాట ఆ రోజు మాకు ఎవులు సెప్పేరు? ఆ కుర్ర డాక్టరుబాబుని మూడుసార్లు అడిగేను. ఏటీ సెప్పలేం, మా పెయత్నం మేం సేస్తన్నాం అన్నాడు. సూస్తే తమ్ముడు సచ్చినట్టే ఉన్నాడు. ఆడు బయట పోతే ఆడు పుట్టిన ఇంట్లోకి ఆణ్ణే రానీరు. నాను ఏటి సెయ్యాలి? ఆణ్ణి ఇసకలో పడీమంటావా?”

ఆ కుర్ర డాక్టరు హౌస్ సర్జన్, అంటే చదువు పూర్తవుతున్న చివరి ఏడాది కుర్రాడు. ఏదీ ఖాయంగా చెప్పొద్దని, రేపు రోగి పోతే గొడవవుతుందని వాళ్ళకు నేర్పేది మేమే. మాకు అది జాగ్రత్త. ఎర్రయ్యకి అది డాక్టరు ఆశ వదిలేసుకున్నాడన్న కబురు. వేలిముద్ర వేశాడు, తమ్ముణ్ణి ఎత్తుకున్నాడు. అతను చేసిన పని తప్పని చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఇప్పటికీ రాదు.

ఎర్రయ్య సముద్రం వైపు వెళ్ళిపోయాక పోలమ్మ గొంతు తగ్గించింది.

“ఆటోలో దారంతా ఆస్పత్రోల్లిచ్చిన ఆ ఊపిరి సంచి నానే నొక్కేను. ఇంటికి వెళ్ళిపోతన్నాం, బెంగెట్టుకోకని సెప్తానే ఉన్నాను. సాప మీద దించినాక ఇంక సాలు, ఆపీ అన్నారు. నానే ఆపేసేను. ఆపినాక ఆడి కంట్లోంచి నీల్లు కారేయి. పేనం పోయీటప్పుడు అందరికీ అలాగే కారతాయి అన్నారు మావోల్లు. నిజమేనా అమ్మా?”

ముందురోజు గున్నయ్య చెప్పింది నా చెవుల్లోనే ఉంది. రెప్పలు పడిపోయిన కంటికి తడి ఆరదని, నీళ్ళు వాటంతట అవే కారతాయని కూడా నాకు తెలుసు. అదీ నిజమే. ఆ నిజమే చెప్పాను. కారతాయమ్మా అన్నాను. ఆమె తల ఊపి చేపలు తిరగెయ్యడం మొదలుపెట్టింది. నన్ను ఆ ప్రశ్న ఈ రోజు అడిగినా అదే జవాబు చెబుతాను. బతికి ఉన్న మనిషి మోయగలిగినంతే చెప్పాలి.

లామా కేసులన్నీ చూసి వచ్చాక పట్టిక మారిపోయింది. మెడిసిన్, సర్జరీల మధ్య చెప్పుకోదగ్గ తేడా మిగల్లేదు. సర్జరీ ఆయన ముఖం విప్పారింది. మీ రోగుల్ని మోసుకుపోవడం కుదరక ఉంచారండీ, మీ గొప్ప కాదు అన్నాను. నవ్వు ఆగింది. మెడిసిన్ ఆయన చాలాసేపు పట్టిక చూశారు. గున్నయ్య మాటలు, ఎర్రయ్య మాటలు నేను రాసుకున్నట్టే చదివి వినిపించాను. పోలమ్మ చివర అడిగింది మాత్రం చదవలేదు. ఆయన కళ్ళద్దాలు తీసి, ఆ వార్డు నాదండీ అన్నారు.

ఆ తరువాత వార్డులో రెండు మార్పులు వచ్చాయి. ఊపిరి యంత్రం మీదో సంచి మీదో ఉన్న రోగిని తీసుకెళతామని బంధువులు అంటే, హౌస్ సర్జన్ కాక అసిస్టెంట్ ప్రొఫెసర్ హోదాకు తగ్గనివాళ్ళు వచ్చి, కుటుంబంలో నిర్ణయం తీసుకునే పెద్దతో కూర్చుని మాట్లాడాలి. ఏటీ చెప్పలేం అనకూడదు. బతికే వీలుంటే ఉందని, లేకపోతే లేదని తేటగా చెప్పాలి. రెండోది, కట్లపాము కేసు వస్తే గున్నయ్యకి ఫోను చేసేవాళ్ళం. పని మానుకుని వచ్చి మంచం పక్కన నిలబడి, “నానూ ఇలాగే పడున్నాను, సూడండి నన్ను” అనేవాడు. ఆ మాట విని కొందరు రోగిని ఉంచారు. వాళ్ళలో లేచి వెళ్ళినవాళ్ళున్నారు, ఉంచినా దక్కనివాళ్ళున్నారు. దక్కనివాళ్ళ శవాల్ని పొలిమేర బయటే దించుకున్నారు. ఇంకొందరు గున్నయ్యని ఎగాదిగా చూసి, అప్పుడు కూడా ఎత్తుకుపోయారు. పట్టింపు మా పట్టిక చూసి మారేది కాదు.

2019లో పదవీ విరమణ చేశాను. ఆ పరిశోధన నుంచి నేను నేర్చుకున్నది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. ఫలితం జబ్బు మీద, మందు మీద ఆధారపడినంతగా మంచం ఎత్తే హక్కున్నవాడికి ఎవరు ఏం చెప్పారన్నదాని మీదా ఆధారపడుతుంది. అది తెలియాలంటే గేటు దాటి వెళ్ళి అడగాలి. అయినవాళ్ళున్నవాడు పోయి, ఎవరూ లేనివాడు బతికిన లెక్క వార్డులో కూర్చుంటే అర్థం కాదు.

చివరి బ్యాచ్ వరకూ విద్యార్థులకు ఒక మాట చెప్పాను. రోగి మంచం దగ్గర ఏం మాట్లాడినా అతను వింటున్నాడనుకుని మాట్లాడండి. కట్లపాము కాటు వేసిన మనిషి దగ్గరైతే అనుకోవలసిన పని కూడా లేదు. అతను వింటూనే ఉంటాడు.