కత్తెర మాస్టారి తీర్పు

మా చర్చి మాసపత్రికలో చివరి పేజీ కత్తెర మాస్టారిది. బడిలో లెక్కలు చెప్పేవాడు, ఆదివారాలు పిల్లలకు సత్యోపదేశం చెప్పేవాడు. కొత్త సినిమా ఏదొచ్చినా ముందుగా చూసి, కతోలిక కుటుంబాలు చూడవచ్చో లేదో తేల్చేవాడు. ఆయన ‘చూడరాదు’ అని రాస్తే ఆ సినిమా పేరు ఇంట్లో ఎత్తడానికి పిల్లలు జంకేవారు. ‘కత్తెర’ అన్న పేరు పెట్టింది కూడా వాళ్లే.

అలాంటి మనిషి చిన్నకూతురు సినిమాల్లో వేషాలు వేస్తానంది.

“నా గడప లోపల ఉన్నంతకాలం చచ్చినట్టు నేను చెప్పింది వినాలి,” అన్నాడాయన.

ఆ పిల్ల గడప దాటింది. ఆయన మళ్లీ రానివ్వలేదు. భార్య ఫోనులో కూతురితో గుసగుసలాడుతుంటే పక్కగదిలోంచి దగ్గేవాడు. ఆవిడ పెట్టేసేది.

కొన్నేళ్లకు ఒక హత్య కథ సినిమా వచ్చింది. జనం విరగబడి చూస్తున్నారు. “మాస్టారూ, ఇళ్లలో అడుగుతున్నారు, త్వరగా చూసి రాయండి,” అని ఫాదర్ గారు కబురు పెట్టారు.

ఉదయం ఆటకు వెళ్లాడు. పేర్లు పడటం అవుతూనే తెర మీద ఒక వంటిల్లు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి. నేల మీద ఒక అమ్మాయి కళ్లు తెరుచుకుని వెల్లకిలా పడి ఉంది. అది ఆయన కూతురు.

చంపిందెవరన్నదే మిగతా సినిమా. ఆ పిల్లకు ఒక్క మాట కూడా లేదు. పోలీసులు చుట్టూ సుద్దగీత గీశారు, ఫొటోలు తీశారు, బల్ల మీద పడుకోబెట్టి దుప్పటి కప్పారు. “చచ్చినా కళగా ఉంది,” అన్నాడు పక్కసీటాయన ఏదో నములుతూ. మాస్టారు సిలువ గుర్తు వేసుకున్నాడు. అలవాటుకొద్దీ వేసుకున్నాడో, నిజంగానే పోయిందనిపించిందో ఆయనకే తెలియాలి.

నిజానికి ఆ సినిమాకు వంక పెట్టడానికేమీ లేదు. బూతు లేదు, రక్తమూ పెద్దగా లేదు. హంతకుడికి శిక్ష పడింది. ఆయన కొలతల ప్రకారం నిక్షేపంగా చూడదగ్గ సినిమా. ఇంటికొచ్చి ‘చూడరాదు’ అని రాశాడు. కారణం: మృతదేహం పట్ల అగౌరవం.

“అగౌరవమంటే ఏం చేశారు మాస్టారూ?” అని అడిగారు ఫాదర్ గారు.

“చాలాసేపు చూపించారు ఫాదర్.”

అది అలాగే అచ్చయింది.

ఈలోగా ఆ సినిమాలో కూతురు ఉందని పక్కింటావిడ మాస్టారి భార్య చెవిన వేసింది. ఆవిడ మధ్యాహ్నం ఆటకు ఒక్కతే వెళ్లింది. మర్నాడూ వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆయన వరండాలో కూర్చుని ఉన్నాడు.

“ఎక్కడికెళ్లావు?”

“పిల్లను చూడ్డానికి.”

“నేను రాసింది చదవలేదా?”

“చదివాను. మొహం అంత పెద్దగా చూపించారు, గడ్డం కింద మచ్చ కూడా కనిపించింది. కన్నతల్లిని, శవాన్ని చూసి సంతోషపడాల్సి వచ్చింది. అదీ వద్దంటారా?”

ఆయన ఎదుటే ఫోను చేసింది. ఆయన దగ్గాడు. ఆవిడ పెట్టెయ్యలేదు.

“నాన్న చూశారా?” అంది కూతురు. గొంతు బయటికి వినపడుతూనే ఉంది.

“చూశారు. ఎవరూ చూడొద్దని రాశారు.”

“ఊపిరి బిగబట్టి అంతసేపు కదలకుండా ఎలా ఉన్నావని డైరెక్టరు గారు అడిగారమ్మా. మా ఇంట్లో నేర్చుకున్నానన్నాను.”

మాస్టారు లేచి కుళాయి దగ్గరికి వెళ్లి చాలాసేపు కాళ్లు కడుక్కున్నాడు.

సంగతి మా అందరికీ తెలిసిపోయింది. ఆ తర్వాత ఆయన ఏ సినిమా వద్దన్నా, “అందులో మాస్టారి చుట్టాలెవరున్నారు?” అని నవ్వేవాళ్లు. ఆయన వినీ విననట్టు నడిచిపోయేవాడు.

ఒకరోజు కొత్త సినిమాకు బయల్దేరుతూ, ఎన్నడూ లేనిది, భార్యను పిలిచాడు.

“నువ్వూ రా. రెండు టికెట్లు తీస్తాను.”

“మన పిల్ల ఉందా అందులో?”

“లేదు.”

“అయితే మీరే చూసి రండి.”

చెప్పులు వేసుకుని కాసేపు గుమ్మంలో నిలబడ్డాడు. తర్వాత ఒక్కడే వెళ్లాడు.