ఏసోబు మామ చాప మీద నా చోటు

భవాని పేటలోని మా కార్ఖానాలో ఆ పొద్దున మగ్గాలు మొదలుకాకముందే కబురొచ్చింది, ఏసోబు మామ ఇక లేడని. నమ్మబుద్ధి కాలేదు. ముందురోజు సాయంత్రం దాకా నా ఎదుటే కూర్చుని చద్దర్లు మడతపెట్టిన మనిషి!

మా అందరిలో ఆయనొక్కడే లూథరన్ క్రైస్తవుడు. "భక్తుడొస్తున్నడు, బీడీలు దాయుండ్రి!" అని పక్క మగ్గం లక్ష్మయ్యన్న అరిచేవాడు. "దాస్తే అంగి కాలుతది బిడ్డా" అని మామ నవ్వేవాడు.

గ్రంథాలయంలో కనబడ్డ పుస్తకమల్లా చదివే అలవాటు నాది. ఒకనాడు మామకే పాఠం చెప్పబోయాను. "మామా, వెనకట జర్మనీల మీ సంఘపోళ్లే కొందరు, గుడికి పోయొస్తే సాలదు, వాక్యం మనసుల దిగాలె, పనిల కనబడాలె అని ఇండ్లల్ల కూడేటోళ్లట. వాళ్లను పైటిస్టులని ఎక్కిరించిండ్రు. ఇప్పుడా మాట దొంగభక్తికీ వాడుతున్నరు."

"పేరేదైతేంది రా. గురువారం మా ఇంటికి రా."

వెళ్లాను. చాప మీద మామ, ఆయన భార్య మరియమ్మత్త, ఇంకో ఇద్దరు. వాక్యం చదివాక ఆ రోజు పనిలో చేసిన తప్పొకటి ఒక్కొక్కరూ చెప్పుకోవాలి. మామే మొదలుపెట్టాడు: "మరక పడ్డ చద్దర్ మడతల దాచిన. రేపు తీసి చూపిస్త."

నా వంతు వచ్చింది. ఆ వారమే నేను తెగిన నాలుగు పోగుల్ని విడివిడిగా కట్టకుండా, కలిపి ఒకే ముడి వేసి నేశాను. చద్దర్ పొడుగునా గీత పడింది. దాన్ని లక్ష్మయ్యన్న కట్టలో పెట్టాను. సేటు అందరి ముందూ ఆయన్ని తిట్టాడు. అది చెప్పడానికి నోరు రాక, అరగంట జర్మనీ చరిత్ర చెప్పాను.

మామ ఓపిగ్గా విన్నాడు. "మంచిగ చెప్పినవ్. నీ సంగతి చెప్పలే. ఎప్పుడు చెప్పినా వింట."

సిగ్గుతో మళ్లీ వెళ్లలేదు. కొంతం చౌక్‌లో ఎదురైనప్పుడల్లా "చాప మీద నీ చోటు అట్లనే ఉంది రా" అనేవాడు. అంతకుమించి ఏనాడూ అడగలేదు.

మామ పోయాక వచ్చిన మొదటి గురువారం వెళ్లాను. మరియమ్మత్త అదే చాప పరిచింది. మామ చోటు వైపు చూస్తూ అంతా చెప్పాను. మర్నాడు లక్ష్మయ్యన్నకూ చెప్పాను.

ఆయన మగ్గం ఆపాడు. "నాకప్పుడే ఎరుక తమ్మీ. ఎడమచేతి ముడి ఈ కార్ఖానాల నీదొక్కనిదే గద!"

ఆ చద్దర్ మడతపెట్టింది ఏసోబు మామ.

పైటిస్టు అంటే ఎవరో నేను పుస్తకంలో చదివాను. మామ మాత్రం ఆ ముడి చూసి అన్నీ తెలిసీ, నేనే నోరు తెరుస్తానని గురువారం వెనక గురువారం చోటు ఉంచి కూర్చున్నాడు. ఇప్పుడు ప్రతి గురువారం వెళ్తున్నాను, మామా. నా చోట్లోనే కూర్చుంటున్నాను. ఖాళీగా ఉన్నది నీ చోటే.