ఇంజన్‌లో కోడి

కొన్నేళ్ళ కిందట ఒక పెద్ద విమాన ప్రమాదానికి కారణం మేడ్చల్‌లో, బస్టాండు పక్క చాయ్ హోటల్లో తేలిపోయింది. తేల్చింది నేనే. అక్కడ దర్యాప్తు అధికారులు ఇంకా శకలాలు ఏరుతున్నారు. ఇక్కడ నేను రెండు చాయ్‌లలో కేసు ముగించాను. ఆ పూట నా పరువు ఎంత ఎత్తునుంచి కూలిందో తెలుసుకోవడానికి బ్లాక్ బాక్స్ అక్కర్లేదు. గౌడవెల్లిలో ఎవరినడిగినా చెబుతారు.

అప్పుడు నేను జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసేవాణ్ణి. వాదన దొరికితే చెరుకుతోటలో ఏనుగులా చొరబడేవాణ్ణి. అవతలివాడు ఓడిపోయాక కూడా ఇంకో అరగంట మాట్లాడటం నా పద్ధతి.

నా విద్యార్థిని స్వప్నకు విమానాల మరమ్మతు నేర్పే కోర్సులో సీటొచ్చింది. సోమవారం చేరాలి. ఇంతలో ఆ విమానం పడింది. ఎందరో పోయారు. దేశమంతా ఏడ్చింది, ఏడుస్తూనే కారణాలు కూడా చెప్పింది. స్వప్న తండ్రి మల్లేశం గౌడవెల్లి నుంచి ట్రాలీ ఆటోలో కూరగాయలు మార్కెట్‌కు తోలేవాడు. అతని ఫోన్‌కు ఒక వీడియో వచ్చింది, మెకానిక్ ఇంజన్‌లో పానా మరిచిపోయాడని. అంతే, బిడ్డ చదువు ఆపేశాడు.

"రేపు యాడనో ఇమానం పడితే పోలీసులు నా పోరినే పట్కపోతరు" అన్నాడట.

స్వప్న నా దగ్గరికొచ్చింది. "సార్, మీరు మా నాయినకు ఒక్క మాట జెప్పుండ్రి. ఎందుకు పడ్డదో ఇంకా ఎవ్వలికీ తెల్వదు అని. గంతే."

"అంతేనా?"

"గంతే సార్. ఇంకేం జెప్పకుండ్రి."

ఆ చివరి మాట నాకు కొంచెం గుచ్చుకుంది. ఇంత చదివినవాడు ఊళ్ళోకెళ్ళి 'తెలియదు' అని చెప్పి రావాలా? దానికి నేనెందుకు, దారిన పోయే బర్రె చాలదూ?

శనివారం సాయంత్రం హోటల్‌కు వెళ్ళాను. మల్లేశం ట్రాలీ బయట ఆగివుంది, అందులో స్వప్న కూర్చునివుంది. లోపల మల్లేశంతో సహా సభ నిండుగా ఉంది. దుండిగల్ వైపునుంచి శిక్షణ విమానమొకటి గీపెడుతూ నెత్తిమీదుగా పోయింది. రోజూ పోయేదే, ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆ వారం మాత్రం అందరూ గ్లాసులు దించి, అది సవ్యంగా దాటేదాకా చూసి, మళ్ళీ ఎత్తారు.

గల్లాపెట్టె దగ్గరనుంచి హోటల్ యజమాని ఖాజాభాయ్ తీర్పు చెప్పాడు. "నజర్ తగిలింది. గంత పెద్దగ, తెల్లగ ఉంటే తగల్దా?"

"అదే రోజు ఎన్నో విమానాలు ఎగిరాయి. వాటికెందుకు తగల్లేదు?" అన్నాను.

"అందరికీ తగిల్తే అది నజరెట్లయితది సార్?"

నాకు చిన్న దెబ్బ తగిలింది. ఏనుగు చెరుకుతోటలో కాలు పెట్టేసింది. నజర్‌ను, అంటే దిష్టిని, ఖండించాను. మూలనుంచి ఎవరో అందించిన అమావాస్యను ఖండించాను. పానాను పద్ధతిగా, భాగాలు విడదీసి మరీ ఖండించాను. మల్లేశం మొహంలో మెల్లగా వెలుగొస్తోంది. అక్కడ లేచి చాయ్ డబ్బులిచ్చి ఇంటికెళ్తే ఈ వ్యాసం ఉండేది కాదు.

"మరి ఎందుకు పడ్డది సారూ?" అన్నాడు మల్లేశం.

ట్రాలీలోంచి స్వప్న పెదాలతో 'తెల్వదు, తెల్వదు' అంటోంది. నేను చూశాను. కాని హోటలంతా నన్నే చూస్తోంది. పాఠకుడా, ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడుతుందంటారు. శకునాల్లేవని చెప్పే బల్లి కూడా అందులోనే పడుతుంది.

"పక్షి తగిలి ఉంటుంది" అన్నాను.

"పిట్ట తగిల్తే గంత ఇమానం పడ్తదా?"

"ఎందుకు పడదు? అందుకే కదా ముందే పరీక్ష చేస్తారు. తిరిగే ఇంజన్‌లోకి కోళ్ళను విసిరి చూస్తారు."

అందరూ మళ్ళీ గ్లాసులు దించారు. నా జ్ఞానానికి తల వంచారనుకున్నాను.

"పానమున్నయా, కోసినయా?" అన్నాడు ఖాజాభాయ్.

"చచ్చినవే."

"అంటే ఇంజన్‌కు కోడినిస్తున్నరు" అన్నాడు మల్లేశం.

"ఇవ్వడం కాదయ్యా, పరీక్ష."

"మరి మేమెందుకిస్తం సారూ? కొత్త బండి కొంటే ముంగట కోడిని కోసేది అందుకే గద. నువ్వు వద్దన్నవని నా ట్రాలీకి కొయ్యలే. వారానికే క్లచ్చు పోయింది. మాకు వద్దని జెప్తివి, గాళ్ళేమో కోడినిచ్చే ఎగిరిస్తున్నరు."

"అది శాస్త్రం, మల్లేశం."

"మాది గూడ శాస్త్రమే" అన్నాడు. తర్వాత ఊపిరి పీల్చుకుని, "అయితే తప్పు మెకానిక్‌ది గాదు. కోడినియ్యకుంట ఇమానం లేపినోళ్ళది. గిదేదో ముందుగాల జెప్పొద్దా సారూ? ఉత్తగ పోరిని ఏడిపిస్తి. సోమారం తోల్కపోత."

ఖండించడానికి నోరు తెరిచాను. ట్రాలీలో స్వప్న లేచి నిలబడింది, చేతులు జోడించింది. జీవితంలో మొదటిసారి నాకు అర్థమైంది: నేను ఈ వాదన గెలిస్తే ఆ పిల్ల ఓడిపోతుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మూస్తే ఇంకా మంచిది. మూశాను.

మూసిన నోటికి వెంటనే శిక్ష పడింది. "పోరి పొయ్యేముందు ట్రాలీకి ఓ కోడిని గోద్దాం. సారే పట్కుంటడు. ముచ్చట జెప్పింది సారే గద" అన్నాడు మల్లేశం.

"నా చెయ్యి నొప్పి" అన్నాను.

"ఇంకో చెయ్యి ఉన్నది గద" అన్నాడు ఖాజాభాయ్.

ఆదివారం పొద్దున గౌడవెల్లిలో, పూలదండ వేసిన ట్రాలీ ముందు, కాళ్ళు కట్టిన పుంజుతో నేను నిలబడ్డాను. మా ఇద్దరిలో పుంజు మొహమే కాస్త ధైర్యంగా ఉంది. ఎవరో ఫోటో తీశారు. నేను చాయ్ హోటల్ చేరేలోపే అది చేరింది, కింద రాతతో సహా: 'ఇమానాలకు గూడ కోడినియ్యాలె - లెక్చరర్ సార్.' నా వ్యాసాలన్నీ కలిపినా అంతమంది చదవలేదు.

స్వప్న చదువు పూర్తయింది, ఇప్పుడు విమానాలు బాగుచేస్తోంది. ఆ మధ్య ఎక్కడో ఇంకో విమానం పడితే ఉండబట్టలేక ఫోన్ చేశాను. "నువ్వు ఆ పనిలోనే ఉన్నావు కదమ్మా. ఎందుకు పడిందంటావు?"

"తెల్వదు సార్. దర్యాప్తు నడుస్తాంది" అంది, తడుముకోకుండా.

కాబట్టి పాఠకులారా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎక్కడ ఏది కూలినా నా నోటినుంచి వచ్చే కారణం ఒక్కటే: తెలియదు. ఈ ప్రమాణానికి ఆ పుంజే సాక్షి. అది అబద్ధమాడదు. ఆనాటి కూరలో దాని కాళ్ళు రెండూ, క్రతువు జరిపించిన పెద్దమనిషివని, నా కంచంలోనే వేశారు. ఒకటి వదిలేద్దామనుకున్నాను. వదల్లేదు. ఎందుకంటారా? తెలియదు.