నాయనమ్మ తలాపున గుట్ట బంక

నిన్న పొద్దున తమ్ముడి ఫోన్.

"అన్నా, నాయనమ్మ పోయింది. జల్ది రా."

తొంభై దాటిన మనిషే. అయినా నమ్మబుద్ధి కాలేదు. మొన్న ఆదివారమే కదా, నా పొట్ట చూసి వెక్కిరించింది!

మన్నెగూడ నుంచి ఇబ్రహీంపట్నం దాకా బండి ఎట్లా నడిపానో తెలియదు.

మా ఇంట్లో ఎవరు పోయినా తలాపున తేనెటీగల బంకతో ధూపం వేస్తారు. కుట్టని చిన్న ఈగలు ఉంటాయి. చెట్ల జిగురు తెచ్చి గూటికి పూస్తాయి. అదే ఆ బంక.

చుట్టూ ఏ చెట్లుంటే ఆ వాసన. చెరువు కింద మామిడి, వేప... అక్కడి బంక మెత్తన, చేదు. గుట్ట మీద అందుగు చెట్లు. ఆ బంక నిప్పుల మీద వేస్తే అచ్చం సాంబ్రాణే.

నిజాం కాలం. నాయనమ్మ ఇంకా చిన్నపిల్ల. వాళ్లమ్మ పోయింది. వాళ్లన్న గుట్ట ఎక్కడానికి బద్ధకించి చెరువు కింది బంక పట్టుకొచ్చాడు. ఈమె వాసన చూసి వాకిట్లోకి విసిరికొట్టింది.

"మా అమ్మకు గుట్ట బంకనే కావాలె. నేనొచ్చేదాంక పాడె లేపితే ఊకోను!"

పోలీస్ పటేలుతో సహా ఊరంతా ఎండలో నిలబడింది. మోకాళ్లు చీరుకుపోయి దిగొచ్చిందట, ఒడిలో బంకతో.

పోయిన ఎండాకాలం నాతో అంది.

"బిడ్డా, నాకు గూడ గుట్ట బంకనే ఎయ్యాలె. ఊదుబత్తులు ముట్టియ్యకు."

"గట్లనే నాయనమ్మా" అన్నాను.

గుట్ట లేదని చెప్పలేదు. దాన్ని చదును చేసి వెంచర్ వేశారు. అందులో సగం ప్లాట్లు అమ్మింది నేనే. బ్రోచర్‌లో "గ్రీన్" అని కూడా రాయించాను, సిగ్గు లేకుండా.

నిన్న అక్కడికే ఉరికాను. కాంపౌండ్ వాల్ పైపులో ఆ ఈగలే కనిపించాయి! ప్రాణం లేచొచ్చింది. దొరికినంత బంక గీకి తెచ్చి, తలాపున నిప్పుల మీద వేసి జనంలోకి జరిగాను.

నల్లటి పొగ.

కొత్తగా వేసిన రోడ్డు వాసన.

చెట్లు లేకపోతే అవి మాత్రం ఏం చేస్తాయి? మా రోడ్ల మీది తారే తెచ్చి పూసుకున్నాయి.

మేనత్త దగ్గుతూ అరిచింది. "ఎవర్రా తారు కాలవెట్టింది? తియ్యుండ్రి గది!"

తీసేశారు. ఊదుబత్తులు ముట్టించారు.

తెచ్చింది నేనే అయినా, ఎవరన్నట్టు అందరితో పాటు నేనూ అటూ ఇటూ చూశాను. ఛీ, ఏం బతుకు నాది.

పోయిరా నాయనమ్మా.

నేను ప్లాట్లు అమ్మలేని చోట నీకు నెమ్మది దొరకాలి.