గీత పడకుండా ఒంగోలు చేరిన బండి

నాకు రోజుకి మూడు పూటలా కోపం వచ్చే వయసొకటి ఉండేది. ఇప్పుడు ఒక్క పూటే వస్తోంది, అదీ భోజనం ఆలస్యమైతేనే. ఆ వయసులో నేను గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమస్తాగా చేరి ఆరు నెలలైంది. లోకంలో ప్రతివాడూ నన్ను తక్కువగా చూస్తున్నాడని అప్పట్లో నా గట్టి నమ్మకం. అందులో మొదటివాడు మా అక్క మొగుడు. ఆయనకో పెద్ద మోటారు సైకిలుండేది. రెండొందల కిలోలు తూగే నల్లటి బండి. ప్రతి ఆదివారం దాన్ని ఆయన తోమే తీరు చూసి మా అక్క దానికి గిత్త అని పేరు పెట్టింది ("గిత్తకి స్నానమైతే ఇక మీరు చేస్తారా?" అని అడిగేది). దాన్ని ఒక్కసారి నడపాలని నాకు ప్రాణం కొట్టుకునేది. బావ తాళం ముట్టుకోనిచ్చేవాడు కాదు. నేను ఒకసారి అక్క స్కూటరుని పంటకాలవలో దించిన మాట నిజమే (దించానంటే నడుపుతూ కాదు, గట్టు మీద స్టాండు సరిగా వెయ్యకపోతే అదే దిగింది. ఈ తేడా మా ఇంట్లో ఒక్కరికీ అర్థం కాలేదు).

ఇంతలో బావకి ఒంగోలు బదిలీ అయింది. సామాను లారీలో బీరువాల పక్కన గిత్తని ఎక్కించడం ఇష్టంలేక, దాన్ని మా కోల్డ్ స్టోరేజీ షెడ్డులో పెట్టించి వెళ్ళాడు. వారం తర్వాత ఫోను చేసి, బండిని ఒంగోలు చేర్చే పని నీదేరా అన్నాడు. నా గుండె ఉప్పొంగింది. రేపే బయల్దేరి నడుపుకుంటూ వస్తానన్నాను. ఆయన చాలా నెమ్మదిగా, నడుపుకుంటూ కాదు, పికప్ బండి మాట్లాడి ఎక్కించి తీసుకురమ్మన్నాడు. చక్రాలున్న బండిని ఇంకో బండి మీద మోసుకెళ్ళడం కంటే అవమానం ఉంటుందా? నాకు ఎంత మండిందంటే, ఆ పూట మెస్సులో అన్నం కూడా సగమే తిన్నాను. అది కనిపెట్టినట్టు బావ మళ్ళీ ఫోను చేసి ఒక మాటన్నాడు. "ఒక్క గీత పడకుండా తెచ్చావనుకో, ఆదివారం పొద్దున్నించి సాయంత్రం దాకా తాళం నీ చేతిలోనే. కొత్తపట్నం సముద్రం దాకా వెళ్ళిరా, నేనేమీ అడగను." ఆ మాటతో నా కోపమంతా పట్టుదలగా మారింది.

ఆ రాత్రి నుంచి వాట్సాప్‌లో ఆయన గొంతు మెసేజీలు మొదలయ్యాయి. ముందు చక్రం క్యాబిన్ గోడకి ఆనాలి. స్టాండు మీద పెట్టి కట్టకూడదు, గతుకుల్లో స్టాండు వంగుతుంది. గేరులో ఉంచాలి. రెండు పక్కలా సమానంగా తాళ్ళు లాగాలి, క్లచ్చు తీగల మీదుగా తాడు పోకూడదు. పదిహేను మెసేజీలు విన్నాక, ఇంత తెలిసినవాడు తనే వచ్చి తీసుకెళ్ళొచ్చుగా అని మండిపడ్డాను (మనసులోనే. తాళం సంగతి ఉంది కదా).

మర్నాడు పికప్‌ని మా ప్లాట్‌ఫారానికి వెనక్కి ఆనించి, లోడింగు మేస్త్రికి ఈ సూత్రాలన్నీ ఒక్కొక్కటిగా అప్పజెప్పాను. ఆయన ఇరవై ఏళ్ళుగా లారీలకి మిర్చి బస్తాలు ఎక్కిస్తున్నవాడు. నేను చెప్పిందంతా బీడీ అయిపోయేదాకా ఓపిగ్గా విని, "చెప్పడం అయిందా బాబూ?" అని, నలుగురి చేత బండిని తోయించి, ముందు చక్రం గోడకి ఆనించి, హ్యాండిలు కింద నుంచి రెండు పక్కలా తాళ్ళు లాగి, ముందు స్ప్రింగులు సగానికి కుంగేలా బిగించేశాడు. పది నిమిషాలు పట్టలేదు. ఏ మెసేజీలూ వినకుండా అదెలా చేశాడో ఇప్పటికీ నాకు తెలియదు. నా వల్ల ఒక్క పనీ జరగలేదన్న ఉక్రోషం పట్టలేక, తాళ్ళు రాసుకుని రంగు పోతుంది, గోతాలు చుట్టాల్సిందే అని పట్టుబట్టాను. ఇంట్లోంచి పాత దుప్పటేదన్నా తెచ్చుకోకూడదా అన్నాడు మేస్త్రి. పక్కన వంద ఖాళీ గోతాలుండగా దుప్పటి దేనికని నేను కసిరాను. మెత్తగా, మందంగా ఉన్నవి ఏరి, దులిపి కట్టమన్నాను. వాళ్ళు రెండేసి సార్లు దులిపారు. ఎవ్వరికీ తుమ్ము రాలేదు. తుమ్ము రాలేదు కాబట్టి గోతాల్లో ఏమీ లేదని అందరం కలిసి తేల్చుకున్నాం. ఏళ్ళ తరబడి మిర్చి ఘాటులో బతికే ముక్కులు వాళ్ళవి. ఆరు నెలల్లో నాదీ వాటిలో కలిసిపోయిందని నాకు తట్టలేదు. సీటుకీ, ట్యాంకుకీ, హ్యాండిలు పిడులకీ నా చేత్తోనే గోతాలు చుట్టి, పురికొసతో బిగించి కట్టాను.

దారిలో నేను క్యాబిన్‌లో కూర్చోలేదు. వెనకే, బండి పక్కన నిలబడ్డాను. చిలకలూరిపేట దగ్గర ఆపించి తాళ్ళు సవరించాను. మార్టూరు దాటేసరికి రాళ్ళ లారీల దుమ్ముకి నేను గ్రానైటు బొమ్మలా తయారయ్యాను గాని గిత్త మాత్రం కదల్లేదు. టోల్‌గేటు దగ్గర ఓ కుర్రాడు లోడేమిటని తొంగిచూసి వరసగా ఐదు తుమ్ములు తుమ్మాడు. జలుబు చేసినవాణ్ణి ఉద్యోగంలో ఎలా ఉంచుతారు, అదీ మా బావ బండి మీద తుమ్మడమేమిటి అని ఒంగోలు దాకా చిరాకు పడుతూనే ఉన్నాను.

ఎర్రటి ఎండలో ఇల్లు చేరాం. బల్లచెక్కలు వేసి, డ్రైవరూ అక్కా బావా నేనూ నలుగురం పట్టుకుని గిత్తని నేలకి దించాం. డ్రైవరు తనకి వేరే లోడుందని వెంటనే వెళ్ళిపోయాడు. నేను గోతాలు విప్పుతుంటే బావ పట్టపగలు ఫోను లైటు వేసుకుని బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మోకాళ్ళ మీద కూర్చుని సైలెన్సరు కింద కూడా చూశాడు. ఎక్కడా గీత లేదు. లేచి నిలబడి, "ఫర్వాలేదురా" అన్నాడు. ఆయన నోట్లోంచి నా గురించి వచ్చిన మొదటి మంచి మాట అదే. రొంటిలోంచి తాళం తీసి నా వైపు చాచాడు కూడా. నా వేళ్ళు దానికి తగిలాయి. అంతలో, ఉండు, అంతా సరిగా ఉందో లేదో ఒక్క చుట్టు చూసి ఇస్తా అని వెనక్కి తీసుకుని, కట్టుకున్న పల్చటి లుంగీతోనే సీటెక్కాడు. ట్యాంకుని రెండు చేతులా ఆప్యాయంగా నిమిరాడు. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాడు. వచ్చి, నుదుటి మీది చెమట తుడుచుకుని, అదే చేత్తో కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

తర్వాత జరిగింది వివరంగా రాయడం మర్యాద కాదు. కళ్ళు రెండూ మూసుకుపోయి, ఒక చేత్తో మొహమూ ఇంకో చేత్తో లుంగీ పట్టుకుని బావ వాకిట్లో గెంతుతుంటే, అక్క పెరుగు గిన్నె పట్టుకుని పరుగెత్తుకొచ్చి, ఎక్కడ రాయాలో అడగలేక అలాగే నిలబడిపోయింది. ఏం చుట్టావురా దీనికి అని బావ అరిచాడు. దులిపిన గోతాలే చుట్టానన్నాను. ఎక్కడి గోతాలన్నాడు. చెప్పాను. నన్ను ఆయన తిట్టిన తిట్లకి నాకూ ఒళ్ళు మండింది. "గీత పడకూడదన్నారు, పడలేదు. మంట సంగతి మీరు ఒక్క మెసేజీలో కూడా చెప్పలేదు. అయినా దాంట్లో కారం లేదు, మీకు ఎండ కొట్టింది" అని నేనూ ఎదురు చెప్పాను.

అక్క బక్కెట్టెడు నీళ్ళు కుమ్మరించినా ఆయన కళ్ళు తెరవలేకపోయాడు. కొత్తగా కట్టిన కాలనీ అది, ఆటో కావాలంటే రోడ్డు దాకా నడవాలి. పికప్ వెళ్ళిపోయింది. వాకిట్లో ఉన్నది గిత్త ఒక్కటే, దాన్ని నడపగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి ముందుగా బావకే తట్టింది. గెంతడం ఆపి, తాళం గాల్లోకి చాచాడు. అక్క ఇచ్చిన ఒక్క తడి తువ్వాలూ ఆయన కింద వేశాం. నేను ఉట్టి సీటు మీద కూర్చున్నాను. వంద గజాలు వెళ్ళకముందే దాంట్లో కారం ఉందని నాకు స్పష్టంగా తెలిసిపోయింది. కాని ఎండ కొట్టిందని ఇప్పుడే వాదించినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని చెప్పను? పళ్ళు బిగించి నడిపాను. వెనక బావ నా భుజం పట్టుకుని, ఏమీ కనబడకపోయినా, "క్లచ్చు, క్లచ్చు మెల్లిగా, గేరు మార్చు, ఎదర గొయ్యుంది" అంటూనే ఉన్నాడు. గొయ్యి నిజంగానే ఉంది. నా ఇన్నేళ్ళ కల రెండు కిలోమీటర్ల దూరం నా కింద భగభగ మండుతూ అలా తీరింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ కళ్ళు కడిగి, చుక్కలు వేసి, సాయంత్రానికి తగ్గిపోతుందంది. బావ రెండు కళ్ళ మీదా తడి దూది పెట్టుకుని, బల్ల మీద వెల్లకిలా పడుకునే చెయ్యి చాచి, "తాళం ఇటివ్వు" అన్నాడు. అంతకంటే అన్యాయం నేను నా జన్మలో చూడలేదు. సముద్రం దాకా వెళ్ళనూ లేదు.

పోయిన నెల బావ ఫోను చేశాడు. మోకాళ్ళు అరిగిపోయాయి, బండి నిలబెట్టలేకపోతున్నాను, నువ్వే ఉంచుకో అన్నాడు. రేపు బస్సెక్కి వచ్చి నడుపుకుంటూ తెచ్చుకుంటానన్నాను. వద్దులే, నేనే ఎక్కించి పంపిస్తా అన్నాడు. నా జుట్టు నెరవడం మొదలైంది, నాకిద్దరు పిల్లలు, అయినా ఈ మనిషికి నా మీద నమ్మకం లేదని ఇంట్లో చాలాసేపు కేకలేశాను. మర్నాడు పికప్ వచ్చింది. గిత్తకి నిండా మా అక్క పాత చీరాల నేత చీరలు చుట్టి ఉన్నాయి. ముళ్ళన్నీ బావ తన చేత్తో వేసినవేనట, ఒంగి వెయ్యాల్సిన కింది ముళ్ళతో సహా. డ్రైవరు ఒక కవరిచ్చాడు. అందులో తాళం, చిన్న కాగితం. "చీరలు రెండుసార్లు ఉతికించాను. నిన్న నేనే కూర్చుని చూశాను. మంట లేదు. మెల్లిగా నడుపు" అని రాసుంది.

చీరలు విప్పాను. ఎక్కడా గీత లేదు. సీటెక్కి, ట్యాంకుని రెండు చేతులా నిమిరాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోబోయి, ఎందుకైనా మంచిదని, ముందు దిగి వెళ్ళి చేతులు కడుక్కొచ్చాను.